సబ్‌స్టేషన్ గోడకు మా తాత పలక

మా ముత్తాత గ్రామ మునసబు. మా తాతకు మూడు పలకరాతి గనులు ఉండేవి. మా నాయన చేతికి వచ్చేసరికి ఒక గని, ఒక జీపు, కోర్టులో ఒక దావా మిగిలాయి. నాకు ఇంటిపేరు మిగిలింది. దాన్ని ఇక్కడ రాయడం లేదు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఆ పేరు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పి లాభం లేదు.

ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో కలెక్టరు క్యాంపుకు వస్తే మా వసారాలోనే కుర్చీ వేసేవాళ్లు. మా పలకలు గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో రైలెక్కి, ఓడెక్కి పోయేవి. తర్వాత కాగితం చౌకైంది, ప్లాస్టిక్ పలక వచ్చింది. గనులు ఒక్కొక్కటే నీళ్లతో నిండాయి. ఇప్పుడు వాటిలో బర్రెలు దిగుతాయి.

ఊరికి సబ్‌స్టేషన్ మంజూరైనప్పుడు స్థలం కోసం వెతుకుతుంటే మా తాత రోడ్డు పక్క ఎకరం ఇచ్చారు. అమ్మలేదు, ఇచ్చారు. గేటు పక్కన రాతి ఫలకం మీద ఆ సంగతి చెక్కి ఉంది. ఆ ఫలకం పక్కనుంచే నేను పదకొండేళ్లు షిఫ్ట్ ఆపరేటర్‌గా, కాంట్రాక్టు మీద, డ్యూటీకి వెళ్లాను. ఇప్పుడేం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "మా స్థలంలోనే ఉంటున్నాను" అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు.

గనుల నుంచి మా ఇంటికి వచ్చిన వస్తువుల్లో చివరిదాకా నిలిచింది ఒక పెద్ద నల్ల పలక. బారెడు వెడల్పు, టేకు చట్రం. అది రాత నేర్చుకోవడానికి కాదు. గనిలోకి మనుషులు దిగే ముందు మేస్త్రీ ప్రతి మనిషి పేరూ దాని మీద బలపంతో రాసేవాడు. చదువు రానివాళ్లకు పేరు బదులు బొమ్మ. ఒకరికి గొడ్డలి, ఒకరికి చంద్రవంక, ఒకరికి చేప. పైకొచ్చినవాడు తన పేరు తనే, తన చేత్తోనే తుడుచుకోవాలి. ఒకరి పేరు ఇంకొకరు తుడవకూడదు. పలక మీద ఒక్క పేరు మిగిలున్నా రాయి పేల్చే తూటా అంటించకూడదు. ఈ కట్టడి పెట్టింది మా తాతే. మా నాయన ఈ సంగతి చెప్పేటప్పుడు నిటారుగా కూర్చుని చెప్పేవాడు. గనులు పోయిన తర్వాత కూడా అలాగే చెప్పేవాడు.

సబ్‌స్టేషన్‌లో చేరిన రెండో ఏడు ఆ పలకను నేను అక్కడికి తీసుకెళ్లాను. దానికి కారణం ఉంది. లైను మీద పని చేయాలంటే లైన్‌మన్ ముందు ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి. అంటే లైన్ క్లియర్. ఆపరేటర్ ఆ ఫీడరు, అంటే ఆ వైపు పోయే లైను, బ్రేకర్ తీసి, కరెంటు ఆపి, సరే అని చెబితేనే లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. పని అయ్యాక ఎల్‌సీ తిరిగిచ్చేదాకా బ్రేకర్ వేయకూడదు. ఒకరోజు షిఫ్టు మారే వేళ, ఎల్‌సీలో ఒక మనిషి ఉన్నాడన్న మాట డ్యూటీకి వచ్చినవాడికి చెప్పకుండా దిగినవాడు ఇంటికి వెళ్లిపోయాడు. లాగ్ బుక్‌లో రాసే ఉంది. కానీ బుక్కు మూసి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు పలక తెచ్చి ప్యానెల్ పక్కన గోడకు తగిలించాను. ఎల్‌సీ తీసుకున్నవాడి పేరు దాని మీద ఉంటుంది. పని ముగిశాక అతనే సబ్‌స్టేషన్‌కు వచ్చి, తన చేత్తో తుడిస్తేనే కరెంటు వేస్తాను.

అప్పటి మా సెక్షన్ ఇంజనీరు, ఏఈ గారు చూసి, సొంత వస్తువు ఆఫీసులో ఉంటే ఆడిట్‌లో అడుగుతారు, రిజిస్టర్‌లో ఎక్కించమన్నాడు. నేనే ఎక్కించాను. "నల్ల పలక, పెద్దది, టేకు చట్రంతో, ఒకటి. దాత:" అని రాసి, మా తాత పేరు పూర్తిగా రాశాను.

ఈ కట్టడి మీద అందరికంటే ఎక్కువ సణిగినవాడు మా లైన్‌మన్. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. పెద్దారవీడు వైపు పల్లె. వాళ్ల నాయన మా గనిలో కూలి చేసినవాడు. ఇతను పర్మనెంటు ఉద్యోగి, నేను కాంట్రాక్టు. జీతంలోనూ నాకన్నా చాలా పైన. ఆదివారం చర్చిలో డోలక్ వాయించి, మధ్యాహ్నం నుంచి స్తంభాలెక్కేవాడు.

"ఏం చిన్నదొరా, ఎల్‌సీ ఇస్తావా, దర్ఖాస్తు పెట్టుకోవాల్నా?" అని ఫోన్ చేసేవాడు.

"ఏ ఫీడరయ్యా?"

"అయ్యా గియ్యా అంటే చెప్పను. అన్నా అను."

"ఫీడరు చెప్పు."

"నోరేం పడిపోదులే, ఒక్కతూరి అను."

నేను అనలేదు. మా ఇంట్లో వాళ్ల నాయనను ఎవరూ అన్నా అనలేదు. ఆ అలవాటు నాతో మొదలు కావడం నాకు ఇష్టం లేకపోయింది.

"పని ఐపోయింది, కరెంటెయ్యి," అనేవాడు తర్వాత.

"వచ్చి తుడువు."

"ఆరు కిలోమీటర్లు బండేసుకోని రావాల్నా, పేరు తుడిచేదానికి? ఈడ రైతులు నన్ను తిడతుండారు, మోటర్లాగిపోయినాయని."

"నన్ను తిట్టమను."

"నిన్ను తిట్టే ధైర్యం వాళ్లకేడిది, దొరవు గదా," అంటూనే వచ్చేవాడు. అరచేతిని నాలుకతో తడి చేసుకుని, ఒక్క ఊపులో తుడిచేవాడు.

మూడేళ్ల కిందట ప్యానెల్ పక్కన కంప్యూటర్ పెట్టారు. ఏ బ్రేకర్ వేసి ఉంది, ఏది తీసి ఉంది, ఎంత లోడు పోతోంది, అంతా తెర మీద కనబడుతుంది. పట్నంలో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు అక్కడి నుంచే మా బ్రేకర్ తీయగలరు, వేయగలరు. ప్యానెల్ మీద చిన్న పిడి ఉంటుంది. దాన్ని లోకల్ వైపు తిప్పితే బ్రేకర్ నా చేతి మాట వింటుంది. రిమోట్ వైపు తిప్పితే కంప్యూటర్ మాట వింటుంది. ఇకమీదట ఎప్పుడూ రిమోట్‌లోనే ఉంచాలని ఉత్తర్వు వచ్చింది. ఎల్‌సీ ఇచ్చినప్పుడు తెర మీద ఆ బ్రేకర్ బొమ్మకు పసుపుపచ్చ చీటీ తగిలించాలి. ఆ చీటీ ఉన్నంతసేపు దాన్ని వేయడం ఎవరి వల్లా కాదన్నారు.

నాకు నమ్మకం కుదరలేదు. రెండుసార్లు ఎల్‌సీ ఇచ్చినప్పుడు పిడిని లోకల్‌కు తిప్పాను. రెండోసారి పట్నం నుంచి ఫోన్ వచ్చింది.

"ఎవరండీ లోకల్‌లో పెట్టింది? మీ సబ్‌స్టేషన్ మా చేతిలో లేకుండా పోయింది."

"నేనే పెట్టాను."

"మీరెవరు?"

"ఈ సబ్‌స్టేషన్‌కు స్థలం ఇచ్చినవారి మనవణ్ణి."

"అది కాదండీ, ఎంప్లాయీ నంబరు చెప్పండి."

చెప్పాను. కాంట్రాక్టువాళ్ల నంబరులో ఒక అక్షరం తేడాగా ఉంటుంది. అది వినగానే అవతల గౌరవం తగ్గింది. "రిమోట్‌లో పెట్టవయ్యా ముందు," అన్నాడు. పెట్టాను. మళ్లీ తిప్పలేదు. ఆ కుర్రవాడి చేత ఇంకోసారి ఆ మాట అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు, అంతే.

కంప్యూటర్ తెరవడానికి పాస్‌వర్డ్ ఉంది. పన్నెండు అక్షరాలు, అంకెలు కలిపి. ఏఈ గారు చీటీ మీద రాసి ఇచ్చాడు. ఈయన కొత్త ఏఈ, గుంటూరు వైపు మనిషి. నలుగురు ఆపరేటర్లం షిఫ్టులు మారుతుంటే చీటీ రెండుసార్లు పోయింది. నేను అన్నం ముందు కూర్చున్నప్పుడు "పాస్‌వర్డ్ ఏంది సామీ" అని ఫోన్లు. చివరికి దాన్ని పలక మీద, కుడిపక్క పైమూల, పెద్ద అక్షరాలతో రాశాను. చెరిగినప్పుడల్లా దిద్దేవాణ్ణి.

ఇది ఎందుకు చేశానో తర్వాత చాలామంది అడిగారు. మనిషి ప్రాణానికి అవసరమైన మాట ఉండే చోటు నా దృష్టిలో పలకే. ముఖ్యమైనది అందరికీ కనబడేలా రాసి పెట్టాలన్నది మా గనుల పద్ధతి. గనిలో దాచిపెట్టిన మాట వల్ల మనిషి చస్తాడు, కనబడే మాట వల్ల బతుకుతాడు. దాచిపెడితేనే మనిషిని కాపాడే మాట ఒకటి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణేమో తెలియదు. ఏఈ గారు మాత్రం పలకను రోజూ చూసేవాడు. ఏమీ అనలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. కంప్యూటర్ అమ్మిన కంపెనీవాళ్లు ఏదైనా మరమ్మతు ఉంటే ఇక్కడికి రారు. దూరం నుంచే లోపలికి వచ్చి బాగు చేస్తారు. అందుకోసం తెర మూలన చిన్న పెట్టె లాంటిది ఎప్పుడూ తెరిచి ఉండేది, అందులో కొన్ని అంకెలు. ఆ అంకెలూ పాస్‌వర్డూ తెలిసినవాడు ఎక్కడున్నా మా కంప్యూటర్‌లోకి రావచ్చు. మరమ్మతు అయ్యాక దాన్ని మూసేయాలట. ఎవరూ మూయలేదు. వాళ్లు వచ్చినప్పుడు తెర మీద బాణం గుర్తు దానంతట అదే కదులుతుంది. మొదట్లో వింతగా ఉండేది. తర్వాత అలవాటైంది.

పాత రోజుల్లో మా ఫీడరు ఆపాలంటే దొంగ అయినవాడు ముళ్లకంచె దూకి, కుక్కను దాటి, నా ముందు నిలబడి పిడి తిప్పాలి. నాకు తెలిసిన కాపలా అది.

దసరాకు సబ్‌స్టేషన్‌లో ఆయుధపూజ చేస్తాం. ప్యానెల్ తుడిచి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతాం. ఆ ఏడు కంప్యూటర్‌కు కూడా బొట్టు పెట్టారు. లైన్‌మన్ పూజలో నిలబడడు గానీ ప్రతి ఏడూ వస్తాడు. "పూజ మీది, ఫోటో నాది, సెనగలు అందరివీ," అని ఫోన్ తీశాడు.

"చిన్నదొరా, నువ్వు మద్దెలోకి రా. మీ తాత పలక కూడా పడాల గదా."

నేను పలక పక్కకు వెళ్లి నిలబడ్డాను. ఫోటో బాగా వచ్చింది. అతను దాన్ని మా సెక్షన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కడి నుంచి ఊరి గ్రూపుకు పోయింది, ఊరి గ్రూపు నుంచి ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టారు. చాలామంది దండం గుర్తులు పెట్టారు. నేను కూడా చూసుకున్నాను, ఒకటికి రెండుసార్లు.

పండగ పోయిన రెండో వారం, పొద్దున పదకొండు కావస్తోంది. లైన్‌మన్ వ్యవసాయ ఫీడరు మీద ఎల్‌సీ అడిగాడు. ఇన్సులేటర్ పగిలింది, మార్చాలన్నాడు. బ్రేకర్ తీశాను. తెర మీద పసుపు చీటీ తగిలించాను. పలక మీద అతని పేరు రాశాను. పిడి రిమోట్‌లోనే ఉంది.

టీ తాగుతుంటే తెర మీద బాణం కదిలింది. కంపెనీవాళ్లు వచ్చారనుకుని తల తిప్పుకున్నాను. మన ఇంట్లో పరాయివాడు తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. అంతలో బ్రేకర్ పడిన చప్పుడైంది. చూస్తే ఊరి ఫీడరు పోయింది. వెంటనే మంచినీళ్ల పథకం ఫీడరు పోయింది. కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి, మాకు చెప్పకుండా ఎందుకు తీస్తున్నారని అడిగాను.

"మేమేం తీయలేదండీ. మీరు కాదూ తీసింది?"

తెర వైపు చూశాను. బాణం వ్యవసాయ ఫీడరు బొమ్మ మీద ఉంది. పసుపు చీటీ అక్కడ లేదు. నేనే తగిలించడం మరిచానా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. గోడ వైపు చూశాను. పలక మీద అతని పేరు నేను రాసినట్లే ఉంది. ఎవరి చెయ్యీ పడలేదు. ఫోన్ వదిలేసి, లేచి, పిడిని లోకల్‌కు తిప్పాను. బ్రేకర్ వేయమన్న ఆదేశం ఆ తర్వాత కంప్యూటర్‌లో నమోదైంది. ఎంత తర్వాత అన్నది పరీక్షకు వచ్చినవాళ్లు లెక్కగట్టి చెప్పారు. అది ఇక్కడ రాయను.

లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. ఎవరో రైతు ఎత్తాడు. ఫోన్ బండి మీద పెట్టి ఎక్కాడట.

"ఆయప్ప స్తంభం మీదుండాడే."

"దింపు. ఆ ఫోన్‌లో గొంతు పెద్దగా వినబడేట్లు పెట్టి పైకెత్తు."

ఎత్తాడు. నేను అరిచాను. "అన్నా, దిగు! తీగ ముట్టుకోవద్దు, దిగు!"

పైనుంచి సన్నగా వినబడింది. "ఏమన్నావు?"

"దిగమంటున్నా!"

"అది కాదు, దానికి ముందర ఏమన్నావు?"

దిగాడు. ఆరు కిలోమీటర్లు సణగకుండా వచ్చింది ఆ ఒక్కరోజే. జరిగింది చెబితే విని, చాలాసేపు ప్యానెల్ వైపే చూశాడు. తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు వేసుకునే ఎక్కావా అని అడిగితే మాట మార్చాడు. తర్వాత అరచెయ్యి తడి చేసుకుని, పేరు తుడిచి, "కరెంటొచ్చేంత పనైతే గానీ నీ నోట అన్నా రాలేదు," అన్నాడు.

మూడో రోజు పట్నం నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి, ఇంజనీరు, నా ముందు కూర్చుని తన ఫోన్‌లో మా పూజ ఫోటో తెరిచింది. రెండు వేళ్లతో దాన్ని సాగదీసింది. ఫోటోలో మేమంతా అంచులు దాటి పక్కకు తప్పుకున్నాం. తెర మూలన పెట్టెలో అంకెలు కనబడ్డాయి. మళ్లీ సాగదీసింది. నేను కనబడ్డాను, నా భుజం పైన పలక, పలక మూలన పాస్‌వర్డ్. బలపం రాత చాలా స్పష్టంగా ఉంది.

"ఇంతే సార్. తాళం పగలగొట్టలేదు. మనమే ఇచ్చాం," అంది.

వచ్చినవాడు ఎవరో తేలలేదు. ఏ దేశంలో కూర్చున్నాడో కూడా చెప్పలేమన్నారు. మా ఊరి మీద కోపం ఉన్నవాడు అయ్యుండక్కర్లేదట. తాళం తీసి ఉన్న తలుపులు వెతుక్కుంటూ తిరిగేవాళ్లు ఉంటారట. ఇంకో మాట కూడా చెప్పింది. కంపెనీవాళ్లు అమర్చిన చాలా సబ్‌స్టేషన్లలో ఇదే పాస్‌వర్డ్ ఉందట, మార్చమని ఎవరికీ చెప్పలేదట. ఆ సంగతి నివేదికలో చివరి పేజీలో, సూచనల కింద వచ్చింది. మొదటి పేజీలో, బాధ్యుల కింద, లైన్‌మన్ ఒక్కడి పేరు వచ్చింది. ఫోటో తీసింది అతను, బయటికి పంపింది అతను. ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో వారంలోగా రాసివ్వాలని మెమో. అతనికి రిటైర్మెంటు ఏడాదిన్నరలో ఉంది. తొలగిస్తే పెన్షన్ కూడా ఉండదు.

ఏఈ గారు నన్ను పక్కకు పిలిచాడు.

"పలక మీద రాత ఎవరిదని విచారణ కమిటీ అడగలేదు. మీరు నలుగురున్నారు, ఎవరైనా రాసి ఉండొచ్చు. మీరు చెబితే మీ కాంట్రాక్టు ఏజెన్సీవాళ్లు ఒక్క మెయిల్‌తో తీసేస్తారు. ఆయన పర్మనెంటు. యూనియన్ ఉంది, ఎలాగో బయటపడతాడు. కాస్త ఆలోచించుకోండి."

ఆయన తన సంగతి కూడా ఆలోచించుకునే ఆ మాట అన్నాడు. అది నాకు అర్థమైంది. అయినా నేను ఆలోచించాను. నిజం చెప్పాలంటే నాలుగు రోజులు ఆలోచించాను. మా వంశంలో పైవాడి ముందు నిలబడి తప్పు నాదే అన్న మనిషి లేడు. నేను ఆ పని చేస్తే, అదీ ఎంప్లాయీ నంబరు అడిగి ఏకవచనంలోకి దిగినవాళ్ల ముందు చేస్తే, గేటు పక్కన ఫలకాన్ని ఎలా చూడాలన్నది నా బాధ. అతని ఉద్యోగం కన్నా అది నాకు పెద్దగా కనబడింది, ఆ నాలుగు రోజులూ.

ఐదో రోజు వాళ్ల పల్లెకు వెళ్లాను. ఏమైనా సాయం కావాలా అని అడిగి వద్దామని మాత్రమే వెళ్లాను. లైన్‌మన్ ఇంట్లో లేడు, యూనియన్ వాళ్లను కలవడానికి పోయాడు. వాళ్ల నాయన పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఎడమకాలు మోకాలి కింద లేదు. గనిలో రాయి పడి పోయిందని, ఆయన తొందరపాటు వల్లే జరిగిందని, చిన్నప్పుడు మా ఇంట్లో విన్నాను.

"ఎవురూ?"

చెప్పాను.

"పెద్దాయన మనవడివా? కూచో దొరా, కూచో. మా వోడు చెప్పినాడు, నువ్వు కేకేసి దింపినావంట."

"పలక మీద పేరుంది కాబట్టి చూశాను."

"ఆ పలకేనంట గదా. మా పెద్దాయనది."

"మా తాత పెట్టిన కట్టడే," అన్నాను. "ఎవరి పేరు వాళ్లే తుడుచుకోవాలని."

ముసలాయన కాసేపు నా వైపు చూశాడు. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను. కాదు.

"పెట్టినాడు. నా కాలు పోయినంక పెట్టినాడు."

నేను అప్పుడు పంచ అంచున కూర్చున్నాను.

"నాది చేప గుర్తు. ఆ దినం రైలుకు సరుకెక్కియ్యాల, పొద్దుపోతాంది. అందరూ పైకొచ్చినారు, నేనొక్కన్నే లోపల. చేప ఒక్కటే ఉంది పలక మీద. ఆయప్ప వచ్చేసింటాడులే, తుడవడం మర్చిపోయింటాడు అని పెద్దాయనే చేత్తో తుడిచినాడు. తూటా అంటిచ్చమన్నాడు. మేస్త్రీ చూసినాడు, ఇంకా నలుగురు చూసినారు."

"మా ఇంట్లో రాయి పడిందన్నారు."

"రాయే గదా పడింది, తూటాకు," అని నవ్వాడు. "ఆ మర్నాటి నుంచే రూలు. ఎవుని పేరు వాడే తుడుచుకోవాల. మంచి రూలే. తర్వాత శానామంది బతికినారు."

"ఎవరికీ చెప్పలేదా మీరు?"

"ఎవురికి చెప్పాల? మీ తాతకే చెప్పాల, ఆయనకు తెల్సు. మా వోడు పెద్దోడైనంక కరెంటాఫీసులో ఆయనే మాటాడి పని ఇప్పిచ్చినాడు. అది దేనికిచ్చినాడో ఆయనా అనలేదు, నేనూ అడగలేదు." మంచం పట్టెను చేత్తో రుద్దుతూ అన్నాడు. "ఆ పని ఉంటాదంటావా దొరా?"

మజ్జిగ ఇచ్చారు. తాగాను. ఆ ఇంట్లో నేను ఏదైనా తాగడం అదే మొదటిసారి. గ్లాసు కింద పెట్టి, "ఉంటుంది," అని చెప్పి లేచాను.

దారిలో ఆ సంగతి నిజమా కాదా అని ఆలోచించాను. మేస్త్రీ లేడు, మా తాత లేరు, మా నాయన లేడు. అడగడానికి ఎవరూ లేరు. కానీ ఒక మనిషి ఒక కట్టడి పెట్టాడంటే, అది పెట్టడానికి ఒక రోజు ఉండి ఉంటుంది. మా నాయన ఆ రోజు గురించి ఎప్పుడూ చెప్పలేదు. నిటారుగా కూర్చుని కట్టడి గురించి మాత్రమే చెప్పాడు.

మర్నాడు డ్యూటీకి అరగంట ముందు వెళ్లి, తెల్లకాగితం మీద రాశాను. పాస్‌వర్డ్‌ను పలక మీద రాసింది నేనే. ఇతర ఆపరేటర్లకు సంబంధం లేదు. ఫోటో తీసిన లైన్‌మన్‌కు ఆ అక్షరాలు ఏమిటో తెలియదు, అతను ఎప్పుడూ కంప్యూటర్ ముట్టుకోలేదు. పలకను ఫోటోలో పడనివ్వడం కూడా నా ఇష్టం మీదే జరిగింది. ఇంతే. ఏఈ గారు చదివి, పెన్ను నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"చివర్లో క్షమించగలరని ఒక్క ముక్క రాయండి. పద్ధతి."

"జరిగింది రాశాను సార్. పద్ధతి మీరు రాసుకోండి."

"నేను పలక చూశానన్న సంగతి..."

"మీ సంగతి మీరు రాయాలి. ఇంకొకరిది నేను రాయను."

ఆయన కాగితం పంపాడు. తన గురించి రాశాడో లేదో నాకు తెలియదు. నెల తిరక్కుండా లైన్‌మన్‌కు హెచ్చరికతో సరిపెట్టారు, తొలగింపు మాట పోయింది. నన్ను ఏజెన్సీ తీసేసింది. ఏఈ గారు చెప్పినట్లే, ఒక్క మెయిల్.

నేనిప్పుడు మార్కాపురంలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే దుకాణంలో పని చేస్తున్నాను. యజమాని సాయిబు, నాకన్నా చిన్నవాడు, నన్ను "భాయ్" అంటాడు. కరెంటు పోతే మాకు గిరాకీ. సబ్‌స్టేషన్‌లో పాస్‌వర్డ్‌లు మార్చారని, ప్రతి మనిషికీ వేరు వేరుగా ఇచ్చారని, కంపెనీవాళ్ల పెట్టె మూసేశారని విన్నాను. ఎల్‌సీ ఇచ్చినప్పుడు పిడి లోకల్‌కు తిప్పి తీరాలని కొత్త ఉత్తర్వు కూడా వచ్చిందట. మంచిదే.

లైన్‌మన్ రిటైర్ కావడానికి నెల ముందు దుకాణానికి వచ్చాడు.

"ఏం చిన్నదొరా, దుకాణం పెట్టినావా?"

"పెట్టలేదు. కూర్చున్నాను. టీ తాగుతావా అన్నా?"

నా వైపు చూశాడు. టీ వచ్చేదాకా కౌంటరు మీద బ్యాటరీ మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"పలక నీకు తెచ్చిద్దామని పోయినా," అన్నాడు చివరికి. "కొత్త ప్యానెల్ బిగిస్తుండారు గదా, పాతదంతా బయటేసినారు. స్టోర్ ఆయన్ని అడిగితే రిజిస్టర్ తీసి చూపిచ్చినాడు. ఆఫీసు సామానంట. ఇచ్చేదానికి లేదంట. ఎవురు రాసినారబ్బా ఇది అని చూస్తే, నీ రాతే."

"నేనే రాశాను."

"తెల్సు. తాత పేరు అంత పొడుగు రాయకపోతే నీ దగ్గరే ఉండేది."

పోయిన నెల వేలం జరిగింది. పాత ప్యానెల్, రెండు సెట్ల బ్యాటరీలు, ఆరు విరిగిన కుర్చీలు, నల్ల పలక ఒకటి, అన్నీ కలిపి ఒకే లాటుగా పొదిలి నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారికి అమ్మారు.